ఆవకాయ 12 సెంట్లా? కరెన్సీ ప్లగిన్ల గొడవపై తరచుగా అడిగే ప్రశ్నలు

పచ్చళ్లు, పొడులు, చీరలు విదేశాల్లో ఉన్న మనవాళ్లకి అమ్మే చిన్న షాపుల వెబ్‌సైట్లు కొన్ని నేను చూసుకుంటాను. అన్నీ వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్ మీద, అమ్మకాల కోసం వూకామర్స్ పెట్టి కట్టినవే. వాటికి అదనపు పనులు కలిపే చిన్న సాఫ్ట్‌వేర్ ముక్కలే ప్లగిన్లు. ధరని కొనేవాళ్ల కరెన్సీలో చూపించేది కరెన్సీ ప్లగిన్. వాటి యజమానులు మాటిమాటికీ అడిగేవి, నేను తల పట్టుకుని కూర్చున్నవి ఇక్కడ రాసి పెట్టాను. లెక్కలన్నిటికీ ఒకటే ఉదాహరణ: కిలో ఆవకాయ ₹850, డాలర్‌కి 85 రూపాయలు. అసలు రేటు రోజూ మారుతుంది. ఇది లెక్క సులువుగా ఉండడానికి పెట్టుకున్నది.

అసలు ఒక ప్లగిన్‌కి ఇంకో ప్లగిన్‌తో గొడవ ఎందుకు వస్తుంది?

వూకామర్స్‌కి తనంతట తానుగా తెలిసింది ఒకే కరెన్సీ. డేటాబేస్‌లో ఆవకాయ ధర 850 అని ఉంటుంది, అంతే. పక్కన రూపాయి గుర్తు కూడా ఉండదు, అది సెట్టింగ్స్ నుంచి వస్తుంది. కరెన్సీ ప్లగిన్ ఆ 850ని చెరిపి రాయదు. పేజీలో చూపించడానికి వూకామర్స్ ధర చదివే క్షణంలో దారిలో నిలబడి, 850 అందుకుని 10 చేసి పంపుతుంది. ఇలా నిలబడే చోటుని ఫిల్టర్ అంటారు.

చిక్కేమిటంటే ఆ దారిలో ఎవరైనా నిలబడొచ్చు. డిస్కౌంట్ ప్లగిన్, హోల్‌సేల్ ధరల ప్లగిన్, గిఫ్ట్ ప్యాకింగ్‌కి అదనంగా వసూలు చేసే యాడ్‌ఆన్, ఒక్కోసారి థీమ్ (సైట్ రూపం చూసుకునే భాగం) కూడా. చేతికొచ్చిన అంకె రూపాయలా డాలర్లా అని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఒక్క కూరలో ఇంటిల్లిపాదీ తలా ఒక చెంచా ఉప్పు వేసినట్టే. అందుకే ఏ షాపు నా చేతికొచ్చినా ముందు చూసేది ఒకటే: ఈ సైట్‌లో ధరని మారకం చేసే పెత్తనం ఎవరిది? ఆ పెత్తనం ఒక్కరికే ఉండాలి. ఇద్దరున్నారంటే, ఇవాళ బాగానే నడుస్తున్నా, ఏదో ఒక అప్‌డేట్ రోజు ఫోన్ మోగుతుంది.

10 డాలర్లు ఉండాల్సిన ఆవకాయ 12 సెంట్లు చూపిస్తోంది. ఎవరైనా హ్యాక్ చేశారా?

లేదు. రెండుసార్లు మారకం జరిగింది. 850ని 85తో భాగిస్తే 10. ఆ 10ని రెండో ప్లగిన్ రూపాయలనుకుని మళ్లీ 85తో భాగిస్తే 0.1176, అంటే 12 సెంట్లు. మీ తప్పు ధరని తీసుకుని ఒకసారి రేటుతో గుణించి చూడండి. సరైన ధర వస్తే ఇంక అనుమానం అక్కర్లేదు.

రెండో మనిషి ఎక్కడి నుంచి వచ్చాడన్నదే ప్రశ్న. తెలిసి ఎవరూ రెండు కరెన్సీ స్విచ్చర్లు పెట్టరు. తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లో సైట్ ఉండాలని డబ్ల్యూపీఎంఎల్ పెడతారు, దాని వూకామర్స్ భాగంలో మల్టీ కరెన్సీ ఉందని గమనించరు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో నమోదైన షాపు అయితే వూకామర్స్ వాళ్ల సొంత చెల్లింపుల ప్లగిన్ వూపేమెంట్స్‌లోనూ ఆ ఆప్షన్ ఉంటుంది. పాత డెవలపర్ థీమ్ ఫంక్షన్స్ ఫైల్‌లో నాలుగు లైన్లు రాసి వెళ్లిపోయి ఉండొచ్చు. నాకు ఒకసారి అలాంటివే దొరికాయి. ప్లగిన్ల జాబితాలో ఎంత వెతికినా ఏమీ లేదు, థీమ్ మార్చి చూస్తే ధర సరిగ్గా వచ్చింది.

ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని పూర్తిగా ఆపండి. ‘కరెన్సీల జాబితా ఖాళీగా వదిలేశాను, అది పనిచేయదులే’ అనుకోవద్దు. కొన్ని ప్లగిన్లు జాబితా ఖాళీగా ఉన్నా ఫిల్టర్ దగ్గర కూర్చునే ఉంటాయి.

ఒకటే ప్లగిన్ ఉంది. అయినా 850 డాలర్లు అని వస్తోంది.

గుర్తు మారింది, అంకె మారలేదు. కరెన్సీ గుర్తుని మార్చే ఫిల్టర్ వేరు, ధరని మార్చే ఫిల్టర్ వేరు. మొదటిది పనిచేసి రెండోది పనిచేయకపోతే ఇలా వస్తుంది. ధరని మామూలు దారిలో కాకుండా నేరుగా డేటాబేస్ నుంచి తెచ్చుకునే థీమ్‌లు, పేజీ బిల్డర్ విడ్జెట్లు, ఉత్పత్తుల టేబుల్ ప్లగిన్లు ఉంటాయి. అవి మారకం జరిగే గుమ్మం దాకా రాకుండా పెరటి దారిన వెళ్లిపోతాయి. హోమ్ పేజీలో స్లైడర్‌లో 850 డాలర్లు, లోపల ఉత్పత్తి పేజీలో 10 డాలర్లు ఉంటే దోషం ఆ స్లైడర్‌దే.

ఇంకోటి, ప్లగిన్‌లో రేటు పెట్టడంలో పొరపాటు. మూల కరెన్సీ రూపాయి అయితే చాలా ప్లగిన్లు అడిగేది ‘ఒక రూపాయికి ఎన్ని డాలర్లు’ అని. అంటే 0.01176. అక్కడ అలవాటుగా 85 అని కొడితే కిలో ఆవకాయ 72,250 డాలర్లు అవుతుంది. ఇది నయం, చూడగానే తెలిసిపోతుంది. తెలియకుండా కొంప ముంచేది రౌండింగ్. రేటు గడిలో రెండు దశాంశాలే ఉంచుకునే సెట్టింగ్ ఉంటే 0.01176 కాస్తా 0.01 అయిపోతుంది. అప్పుడు ఆవకాయ 8.50 డాలర్లు. చూడ్డానికి అది మామూలు ధరలాగే ఉంటుంది, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. ప్రతి కిలో మీద డాలరున్నర పోతూనే ఉంటుంది. రేటులో కనీసం ఆరు దశాంశాలు ఉన్నాయో లేదో ఇప్పుడే వెళ్లి చూడండి.

ఉత్పత్తి పేజీలో సరిగ్గా ఉంది, కార్ట్‌లోకి వెళ్లగానే మారిపోతోంది. ఎక్కడ వెతకాలి?

ముందు కార్ట్ ఏ రకమో చూడండి. 2023 నవంబర్‌లో వచ్చిన వూకామర్స్ 8.3 నుంచి కొత్తగా పెట్టే షాపులకి బ్లాక్‌లతో కట్టిన కార్ట్, చెకౌట్ పేజీలు వస్తున్నాయి. పాత షార్ట్‌కోడ్ పేజీల్లో ధర సర్వర్ దగ్గరే తయారై వచ్చేది. బ్లాక్‌లు మాత్రం స్టోర్ ఏపీఐ అనే విడి దారిలో సర్వర్‌ని అడిగి తెచ్చుకుంటాయి. అక్కడ 10 డాలర్లు 10 అని రాదు, 1000 సెంట్లు అని వస్తుంది, పక్కనే దశాంశాలు రెండు అని చెబుతుంది. పాత కరెన్సీ ప్లగిన్లు కొన్ని ఈ కొత్త దారిని పట్టించుకోలేదు. పరీక్ష సులువు: స్టేజింగ్ కాపీలో (ప్రయోగాల కోసం పెట్టుకునే సైట్ నకలులో) కార్ట్ బ్లాక్‌ని క్లాసిక్ షార్ట్‌కోడ్‌కి మార్చి చూడండి. ధర కుదురుకుంటే మీ ప్లగిన్‌కి బ్లాక్‌లు తెలియవన్నమాట. అప్‌డేట్ ఉంటే చెయ్యండి, లేకపోతే షార్ట్‌కోడ్‌తోనే ఉండండి, నష్టమేమీ లేదు.

పైన మూల ఉండే చిన్న కార్ట్ బొమ్మలో మాత్రమే పాత ధర కనిపిస్తుంటే అది బ్రౌజర్ జ్ఞాపకం. క్లాసిక్ థీమ్‌లలో వూకామర్స్ ఆ ముక్కని బ్రౌజర్‌లోనే దాచుకుంటుంది. కార్ట్‌లో ఏదైనా కలిపినా తీసినా తాజా అవుతుంది. కరెన్సీ మార్చినప్పుడు కూడా తాజా చెయ్యమని ప్లగిన్ చెప్పాలి, చెప్పకపోతే ఇలా ఉంటుంది.

కస్టమర్ డాలర్లలో చూసి కార్ట్‌లో వేసుకున్నాడు. చెకౌట్‌లో మాత్రం రూపాయలు వచ్చాయి. ఇది ఏ ప్లగిన్ గొడవ?

ఏదీ కాకపోవచ్చు. కరెన్సీ ప్లగిన్లు రెండు రకాలుగా పనిచేస్తాయి. ఒకటి, ధర మాత్రం డాలర్లలో చూపించి డబ్బు రూపాయల్లోనే తీసుకోవడం. రెండు, ఆర్డర్ కూడా డాలర్లలోనే రాసుకోవడం. చాలావాటిలో ఇది ఒక చిన్న చెక్‌బాక్స్. మొదటిదే పెట్టుకుంటే చెకౌట్‌లో రూపాయలు రావడం సరైన పనే. అయితే కొనేవాళ్లకి అది మోసంలా కనిపిస్తుంది. ‘చెల్లింపు భారత రూపాయల్లో జరుగుతుంది’ అని కార్ట్ పేజీలో ఒక వాక్యం రాయండి. ఆ ఒక్క వాక్యం లేక వచ్చిన ఫోన్లు ఎన్నో.

ఊళ్లోవాళ్లకి ఫోన్‌పే, గూగుల్ పే కనిపించట్లేదంటున్నారు. గేట్‌వే వాళ్లకి ఫిర్యాదు చెయ్యాలా?

ఆగండి. యూపీఐ నడిచేది రూపాయల్లోనే. ఆ కస్టమర్‌ని సైట్ ఏ కారణంగానో డాలర్ల వైపు పంపి ఉంటే గేట్‌వే (మీ తరఫున ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సంస్థ) యూపీఐని పక్కన పెట్టి కార్డులు మాత్రమే చూపిస్తుంది. అందుకని యూపీఐ మాయమైందని ఫోన్ వస్తే నేను మొదట అడిగేది, ‘అక్కడ మొత్తం పక్కన ఏ గుర్తు ఉంది?’ అని. చాలాసార్లు డాలర్ గుర్తే ఉంటుంది.

పేపాల్ విషయంలో ఇదే కథ తిరగబడుతుంది. విదేశీ కస్టమర్ నుంచి పేపాల్ రూపాయల్లో డబ్బు తీసుకోదు. కరెన్సీ ప్లగిన్ చెకౌట్‌లో రూపాయలకి తిప్పేస్తే పేపాల్ బటన్ మాయమవుతుంది. దుబాయ్ వాళ్లకి దిర్హామ్‌లలో పెట్టినా అంతే, పేపాల్ జాబితాలో దిర్హామ్ లేదు. వాళ్లకి డాలర్లే పెట్టండి. రేజర్‌పే లాంటి మన గేట్‌వేలలో విదేశీ కరెన్సీ తీసుకోవాలంటే అంతర్జాతీయ చెల్లింపులకి విడిగా అనుమతి తెచ్చుకోవాలి. ఆ అనుమతి రాకుండా ప్లగిన్‌లో పది కరెన్సీలు పెట్టి లాభం లేదు, చెకౌట్ దగ్గర ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వస్తుంది.

కూపన్లు కూడా చూసుకోవాలా?

చూసుకోవాలి. ఇది నా అనుభవం. నేను చూసుకునే ఒక పచ్చళ్ల షాపులో సంక్రాంతికి ₹200 తగ్గింపు కూపన్ పెట్టాం. కరెన్సీ ప్లగిన్ ధరలన్నీ సరిగ్గా మార్చింది. కూపన్ విలువని మాత్రం ముట్టుకోలేదు. అమెరికా నుంచి ఒకాయన రెండు కిలోలు ఆర్డర్ పెట్టాడు, 20 డాలర్లు. కూపన్ కొడితే 200 డాలర్ల తగ్గింపు! మొత్తం సున్నా, షిప్పింగ్ మాత్రం కట్టాడు. పొద్దున్నే షాపు అక్క ఫోన్ చేసి, ‘తమ్ముడూ, అమెరికా వాళ్లకి ఊరగాయ ఊరికే పంపుతున్నామా?’ అంది. ఆయన పంపమన్న ఊరగాయ పంపాం. తప్పు మాది, ఆయన కూపన్ వాడుకున్నాడు, అంతే.

అప్పటి నుంచి విదేశాలకి అమ్మే షాపుల్లో స్థిరమైన మొత్తం ఉన్న కూపన్ పెట్టను, శాతంలోనే పెడతాను. పది శాతం ఏ కరెన్సీలో అయినా పది శాతమే. తప్పదనుకుంటే కూపన్ పెట్టగానే ప్రతి కరెన్సీలోకీ మారి ఒక్కసారి కొట్టి చూడండి.

షిప్పింగ్‌దీ ఇదే జబ్బు. ఫ్లాట్ రేట్‌లో 1500 అని రాసి ఉంటే అది డాలర్ల కస్టమర్‌కి 1500 డాలర్లుగా కనిపించవచ్చు. ‘₹10,000 దాటితే షిప్పింగ్ ఉచితం’ అని పెడితే 120 డాలర్ల కార్ట్‌ని 10,000తో పోల్చి, ఇంకా చాలా తక్కువ ఉందంటుంది. పదివేలు దాటిన ఆ కస్టమర్‌కి ఉచితం ఎప్పటికీ రాదు. కొరియర్ రేట్లని నేరుగా తెచ్చే ప్లగిన్ వాడితే అది ఏ కరెన్సీలో తెస్తోందో కూడా చూడాలి. కొన్ని రూపాయల్లో, కొన్ని డాలర్లలో తెస్తాయి, ఆ పైన మీ ప్లగిన్ మళ్లీ మారకం చేస్తుంది.

విజయవాడలో కూర్చుని చూస్తే డాలర్లు కనిపిస్తున్నాయి. రిఫ్రెష్ కొట్టినా అంతే.

ఇది కాష్. డబ్బు క్యాష్ కాదు, పేజీని తయారుచేసి దాచిపెట్టే కాష్. మీరు కాష్ తుడిచిన వెంటనే మొదట వచ్చినవాడు డల్లాస్ నుంచి వచ్చాడనుకోండి. వాడికోసం డాలర్లతో తయారైన పేజీని సర్వర్ దాచుకుంటుంది. తరవాత వచ్చిన వాళ్లందరికీ, విజయవాడ అయినా వరంగల్ అయినా, అదే పేజీ ఇస్తుంది. కరెన్సీ ప్లగిన్‌కి లోపలికి వచ్చే అవకాశమే ఉండదు. ఇంకో విషయం, మీరు అడ్మిన్‌గా లాగిన్ అయి చూస్తే సాధారణంగా కాష్ పేజీ రాదు. అందుకే ‘నాకు బాగానే కనిపిస్తోందే’ అంటుంటారు. ఇన్‌కాగ్నిటోలో చూడండి.

దీనికి మందులు మూడు. మొదటిది, ప్రతి కరెన్సీకి విడి కాపీ దాచుకొమ్మని కాష్ ప్లగిన్‌కి చెప్పడం. కరెన్సీ ప్లగిన్ బ్రౌజర్‌లో పెట్టే కుకీ (గుర్తు చీటీ) పేరు కాష్ సెట్టింగ్స్‌లో ఇవ్వాలి. లైట్‌స్పీడ్‌లోనూ డబ్ల్యూపీ రాకెట్‌లోనూ దీనికి దారులున్నాయి. కానీ మొదటిసారి వచ్చినవాడి దగ్గర ఆ కుకీ ఉండదు కదా, ఆ ఒక్క పేజీ తప్పు వస్తుంది. రెండోది, పేజీ అందరికీ ఒకటే ఇచ్చి ధరల్ని మాత్రం ఆ తరవాత ఎజాక్స్‌తో, అంటే పేజీ తెరుచుకున్నాక సర్వర్‌ని విడిగా అడిగి, నింపడం. అర సెకను రూపాయలు కనిపించి డాలర్లకి మారతాయి, చూడ్డానికి కొంచెం అసహ్యంగా ఉంటుంది, కానీ నమ్మదగింది. చిన్న షాపులకి నేను ఇదే పెడతాను. మూడోది, ఉత్పత్తి పేజీల్ని కాష్ నుంచి తప్పించడం. సైట్ నెమ్మదిస్తుంది, గత్యంతరం లేకపోతేనే.

సైట్‌కీ కస్టమర్‌కీ మధ్య నిలబడి పేజీలు అందించే క్లౌడ్‌ఫ్లేర్ సేవ వాడేవాళ్లకి ఒక మాట. అది మామూలుగా హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీల్ని దాచుకోదు. ఎవరో ‘అన్నీ కాష్ చెయ్యి’ అనే రూల్ పెట్టి ఉంటే మాత్రం మీ సర్వర్ దగ్గర ఎన్ని సెట్టింగ్స్ మార్చినా పని జరగదు, పైన ఆకాశంలో పాత పేజీ అలాగే ఉంటుంది.

లింక్ చివర ప్రశ్నార్థకం, వీ, ఏవో అంకెలు వస్తున్నాయి. వైరస్సా?

కాదు. వూకామర్స్ సెట్టింగ్స్‌లో ‘పేజీ కాషింగ్ సపోర్ట్‌తో జియోలొకేట్’ అని పెట్టారు. దేశాన్ని బట్టి వేరు కాపీ ఇవ్వడానికి ఆ తోక తగిలిస్తుంది. నచ్చకపోతే తీసెయ్యొచ్చు, అప్పుడు పై ప్రశ్నలో చెప్పినవాటిలో ఏదో ఒకటి చేసుకోవాలి.

అందరూ ఒకే దేశంవాళ్లుగా కనిపిస్తున్నారు, లేదా దేశమే గుర్తుపట్టట్లేదు.

వూకామర్స్ దేశాన్ని గుర్తుపట్టేది, ఏ ఐపీ అడ్రస్ ఏ దేశానిదో చెప్పే మ్యాక్స్‌మైండ్ డేటాబేస్‌తో. 2019 డిసెంబర్ 30 నుంచి దానికి లైసెన్స్ కీ తప్పనిసరి. ఖాతా ఉచితమే, కీ తెచ్చి ఇంటిగ్రేషన్స్ పేజీలో పెట్టాలి. పెట్టకపోతే డేటాబేస్ దిగదు. సైట్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి ప్రాక్సీ ఉంటే వచ్చినవాళ్ల అసలు ఐపీ అడ్రస్ సర్వర్‌కి చేరుతోందో లేదో హోస్టింగ్ వాళ్లని అడగండి.

దోషి ప్లగిన్‌ని పట్టుకోవడం ఎలా? మాకు 26 ప్లగిన్లున్నాయి.

ముందు మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: ఉత్పత్తి పేజీలో ధర, చెకౌట్‌లో మొత్తం, గేట్‌వే డాష్‌బోర్డ్‌లో నిజంగా పడిన డబ్బు. తప్పు మొదట ఎక్కడ కనిపించిందో అక్కడ వెతకాలి. మొదటి రెండూ సరిగ్గా ఉండి మూడోది తప్పయితే థీమ్ జోలికీ కాష్ జోలికీ పోకండి, గేట్‌వే ప్లగిన్ చూడండి. ఈ ఒక్క పని చెయ్యకుండా నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

తరవాత స్టేజింగ్ కాపీ. అసలు షాపు మీద ప్రయోగాలొద్దు. స్టేజింగ్‌లో గేట్‌వేని టెస్ట్ మోడ్‌లో పెట్టి, మెయిల్స్ ఆపండి, లేకపోతే మీ టెస్ట్ ఆర్డర్ల మెయిల్స్ నిజం కస్టమర్లకి పోతాయి.

వూకామర్స్, కరెన్సీ ప్లగిన్ రెండూ ఉంచి మిగతా 24ని ఆపండి, థీమ్ కూడా స్టోర్‌ఫ్రంట్ లాంటి సాదా దానికి మార్చండి. ఇప్పటికీ తప్పు వస్తుంటే గొడవే లేదు, కరెన్సీ ప్లగిన్ సెట్టింగ్సో దాని లోపమో. సరయిందంటే సగం, అంటే 12 ఆన్ చెయ్యండి. తప్పు వచ్చిందా, దొంగ ఈ సగంలో ఉన్నాడు. రాలేదా, ఆ సగంలో. 12, 6, 3 ఇలా ఐదు రౌండ్లలో తేలుతుంది. ఒక్కొక్కటీ ఆపుకుంటూ వెళ్తే 24 సార్లు. ప్రతి రౌండ్‌లోనూ కాష్ తుడిచి కొత్త ఇన్‌కాగ్నిటో కిటికీలో చూడాలి. ఇది మర్చిపోతే నిర్దోషిని జైల్లో వేస్తారు.

స్టేజింగ్ లేనివాళ్లకి ‘హెల్త్ చెక్ అండ్ ట్రబుల్‌షూటింగ్’ అనే ప్లగిన్ ఉంది. అది మీకు ఒక్కరికే ప్లగిన్లు ఆగినట్టు చూపిస్తుంది, కస్టమర్లకి షాపు మామూలుగానే నడుస్తుంది. అయితే డబ్బు పడిందని గేట్‌వే నుంచి వెనక్కి వచ్చే కబుర్లకి (వెబ్‌హుక్‌లకి) ఆ సంగతి తెలియదు, వాటికి అన్ని ప్లగిన్లూ ఆన్‌లోనే ఉంటాయి. డబ్బు పడడంలో తేడా వెతకడానికి ఇది సరిపోదు.

డిస్కౌంట్ ప్లగిన్‌తో కలిస్తేనే తేడా వస్తోంది. రెండూ కావాలి మాకు.

వరుస చూడాలి. ఫిల్టర్ దగ్గర నిలబడే ప్రతి ప్లగిన్‌కీ ఒక వరుస సంఖ్య ఉంటుంది, ఏమీ చెప్పకపోతే 10. చిన్న సంఖ్య ఉన్నది ముందు పనిచేస్తుంది. ₹50 తగ్గింపు ముందు జరిగి మారకం తరవాత జరిగితే 850లో 50 పోయి 800, అంటే 9.41 డాలర్లు. మారకం ముందు జరిగితే 10 డాలర్లలోంచి 50 తీసేస్తుంది, ధర సున్నా. మారకం ఆఖరున జరిగేలా చూడాలి. కొన్ని కరెన్సీ ప్లగిన్లలో ఈ సంఖ్య మార్చే గడి ఉంటుంది, లేకపోతే డెవలపర్ చేత రెండు లైన్లు రాయించుకోవాలి. శాతం తగ్గింపులకి ఈ బాధ లేదు.

అరకిలో, కిలో అని వెరైటీలు ఉన్న వాటికే పాత ధర వస్తోంది.

₹425 – ₹850 అని చూపించే ఆ శ్రేణిని వూకామర్స్ ప్రతిసారీ లెక్కపెట్టదు. ఒకసారి లెక్కపెట్టి ట్రాన్సియెంట్‌గా (తాత్కాలిక కాపీగా) దాచుకుంటుంది. కరెన్సీ మారితే వేరే కాపీ కావాలని ప్లగిన్ చెప్పకపోతే డాలర్ల శ్రేణి రూపాయల వాళ్లకీ వస్తుంది. వూకామర్స్ మెనూలో స్టేటస్, అందులో టూల్స్, అక్కడ ట్రాన్సియెంట్లు క్లియర్ చేసే బటన్ నొక్కండి. కుదురుకుని, మర్నాటికి మళ్లీ అదే వస్తే ప్లగిన్ లోపమే, తయారుచేసిన వాళ్లకి రాయండి.

కువైట్ ఆర్డర్‌కి పదో వంతు డబ్బే పడింది.

కువైట్ దీనార్‌కి 100 కాదు, 1000 ఫిల్స్. ఒమన్ రియాల్, బహ్రెయిన్ దీనార్ కూడా అంతే, మూడు దశాంశాలు. గేట్‌వేలు ధరని చిల్లర నాణేల్లో అడుగుతాయి. 3.070 దీనార్లని 3070 ఫిల్స్ అని పంపాలి. అన్ని కరెన్సీలకీ వందతో గుణించే అలవాటున్న ప్లగిన్ 307 అని పంపుతుంది, అంటే దీనార్‌లో మూడో వంతు కూడా లేదు. జపాన్ యెన్‌కి అసలు చిల్లరే లేదు కాబట్టి అక్కడ ఇదే తప్పు వంద రెట్లు ఎక్కువ గుంజుతుంది. కరెన్సీ ప్లగిన్‌లో దశాంశాలు సరిచేసి, గేట్‌వే ప్లగిన్ తాజా వెర్షన్ పెట్టి, చిన్న ఆర్డర్ ఒకటి నిజంగా కట్టి చూడండి. నన్నడిగితే, నెలకి రెండు కువైట్ ఆర్డర్లు వచ్చే షాపుకి దీనార్ అక్కర్లేదు. రూపాయి, డాలర్, కావాలంటే పౌండ్. ఇంకో కరెన్సీ అంటే ఇంకో టెన్షన్.

మారకం రేటు రోజుల తరబడి మారట్లేదు.

వర్డ్‌ప్రెస్‌లో టైమ్ ప్రకారం జరగాల్సిన పనులు ఎవరైనా సైట్‌కి వచ్చినప్పుడే జరుగుతాయి. స్పీడ్ కోసం ఆ ఏర్పాటుని ఆపేసి, బదులుగా సర్వర్‌లో క్రాన్ (టైమ్ ప్రకారం పని చేయించేది) పెట్టడం మర్చిపోతే రేటు అక్కడే ఆగిపోతుంది. ఇంకొకటి, రేట్లు ఇచ్చే చోటు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రేట్లు పనిదినాల్లోనే వస్తాయి, వాటిలో దిర్హామ్, రియాల్ ఉండవు. అడిగిన కరెన్సీ దొరక్కపోతే కొన్ని ప్లగిన్లు పాత రేటు ఉంచుకుంటాయి, కొన్ని సున్నా రాసేస్తాయి. సున్నా రాశాయంటే షాపంతా ఉచితం.

రేటు సరిగ్గా ఉందో లేదో చూడడానికి ఒక చిట్కా. దిర్హామ్ 1997 నుంచి డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేసి ఉంది, సౌదీ రియాల్ 3.75 దగ్గర. 10 డాలర్ల ఆవకాయ దిర్హామ్‌లలో 36.73 చుట్టుపక్కల ఉండాలి. 34 అనో 40 అనో ఉంటే డాలర్ రేటు, దిర్హామ్ రేటు రెండిట్లో ఏదో ఒకటి పాతబడింది.

గూగుల్ మర్చంట్‌లో ‘ధర సరిపోలట్లేదు’ అని ఉత్పత్తులు తీసేశారు.

పేజీలు చూసిపోయే గూగుల్ ప్రోగ్రామ్ గూగుల్‌బాట్ ఎక్కువగా అమెరికా ఐపీల నుంచి వస్తుంది. మీ సైట్ దాన్నీ అమెరికా కస్టమర్ అనుకుని డాలర్లు చూపిస్తుంది. ఫీడ్‌లో (గూగుల్‌కి మీరిచ్చే ఉత్పత్తుల జాబితాలో) మీరు పంపింది రూపాయలు. ఫీడ్‌లో ఇచ్చే లింక్‌కే కరెన్సీ అంటించి పంపండి, చాలా ప్లగిన్లు లింక్‌లో కరెన్సీ పేరు ఉంటే దాన్నే పాటిస్తాయి.

నెల అమ్మకాల రిపోర్ట్ తక్కువ చూపిస్తోంది, బ్యాంకులో మాత్రం డబ్బు ఉంది.

వూకామర్స్ అనలిటిక్స్ కరెన్సీ చూడదు, అంకెలు కూడుతుంది. 40 డాలర్ల ఆర్డర్‌ని 40 రూపాయలుగా లెక్కేస్తుంది. ₹1,700 ఆర్డర్, 40 డాలర్ల ఆర్డర్ కలిపితే 1740 అంటుంది, అసలు 5,100. కరెన్సీ ప్లగిన్ సొంత రిపోర్ట్ ఇస్తే అది వాడండి, లేకపోతే ఆర్డర్లు ఎక్స్‌పోర్ట్ చేసి కరెన్సీ వారీగా విడదీయండి. ఆడిటర్‌కి మాత్రం ఆ అనలిటిక్స్ స్క్రీన్‌షాట్ పంపకండి. రీఫండ్ కూడా ఆర్డర్ ఏ కరెన్సీలో పడిందో అందులోనే ఇవ్వాలి, ఇవాళ్టి రేటుతో రూపాయల్లోకి మార్చి కాదు.

ప్లగిన్ సపోర్ట్ వాళ్లు ‘మా దగ్గర బాగానే ఉంది’ అంటున్నారు.

‘ధర తప్పు వస్తోంది’ అని రాస్తే ఆ జవాబే వస్తుంది. పైన రాసుకున్న మూడు అంకెలు, రావాల్సిన అంకె, ఏ దేశం నుంచి చూశారు, ఏ ప్లగిన్ ఆపితే సరయింది, ఇవి రాయండి. వూకామర్స్ స్టేటస్ పేజీలో సిస్టమ్ రిపోర్ట్ కాపీ చేసే బటన్ ఉంటుంది, అదీ జత చెయ్యండి. లాగిన్ అడిగితే స్టేజింగ్‌దే ఇవ్వండి.

విసుగొచ్చి ప్లగిన్ తీసేశాను. ఇంకా కొందరికి డాలర్లే వస్తున్నాయట!

ప్లగిన్ పోయినా దాని గుర్తులు కొన్నాళ్లుంటాయి. పేజీ కాష్, క్లౌడ్‌ఫ్లేర్, ట్రాన్సియెంట్లు మూడూ తుడవండి. అప్పటికే కార్ట్‌లో సరుకు వేసుకున్న వాళ్ల సెషన్ లాగిన్ లేనివాళ్లకి మామూలుగా 48 గంటలుంటుంది. ఆ లోపు వచ్చే ఫోన్లకి ‘కార్ట్ ఖాళీ చేసి మళ్లీ వేసుకోండి’ అని చెప్పండి. పాత ఆర్డర్ల జోలికి వెళ్లకండి, వాటిలో డాలర్లు అని రాసి ఉంటే అలాగే ఉండాలి. రెండు రోజులు గడిచాక కూడా ఫోన్ వస్తే వాళ్ల బ్రౌజర్‌ని అనకండి. థీమ్ ఫంక్షన్స్ ఫైల్ తెరిచి, పాత డెవలపర్ నాలుగు లైన్లు ఏమైనా వదిలి వెళ్లాడేమో చూడండి.